అగ్నినిరోధక కోర్ ఉన్న ఏసీపీ షీట్: సైన్‌బోర్డుల తయారీకి ఎంతవరకు తగినది?

వ్యాపార సంస్థల ముఖద్వారాల మీద, కార్యాలయ భవనాల గోడల మీద అమర్చే బోర్డులకు మనం విరివిగా వాడుతున్న పలక అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్, అంటే వాడుకలో ఏసీపీ షీట్. ఇందులో ఎఫ్ఆర్ అని పిలిచే అగ్నినిరోధక కోర్, అంటే రేకుల మధ్య పొర, ఉన్న 4 మిల్లీమీటర్ల రకాన్ని మా వర్క్‌షాప్‌లో మామూలు షీట్‌తో పాటు చాలాకాలంగా వాడుతున్నాం. జనం తిరిగే చోట గోడకు బిగించే ఏ పెద్ద బోర్డుకైనా ఈ షీటే కొనాలన్నది నా అభిప్రాయం. అయితే దాని పరీక్షా పత్రం, బ్యాచ్ నంబరు షీట్‌తో పాటు చేతికి రానప్పుడు, పేరుకు ఎఫ్ఆర్ అయినా దానిని మామూలు షీట్‌గానే లెక్కించాలి.

రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొరను అతికిస్తే ఏసీపీ తయారవుతుంది. రేకు మందం సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, మిగతాదంతా కోరే. మామూలు రకంలో ఆ కోర్ పాలిథిలిన్, అంటే మంటకు కరిగి, బొట్లుబొట్లుగా కారుతూ మండే పదార్థం. ఎఫ్ఆర్ రకంలో అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వంటి ఖనిజపు పొడులను పాలిమర్‌లో ఎక్కువ పాళ్లలో కలుపుతారు. వేడి తగిలినప్పుడు ఇవి విచ్ఛిన్నమై నీటి ఆవిరిని విడుదల చేస్తాయి, ఆ క్రమంలో కొంత వేడిని పీల్చుకుంటాయి, పైన బూడిద పొరలా మిగిలి లోపలి పదార్థానికి గాలి అందకుండా అడ్డుపడతాయి. ఎ2 అని పిలిచే మరింత పై తరగతిలో కోర్ దాదాపు అంతా ఖనిజమే, పాలిమర్ దానిని పట్టి ఉంచే బంకగా మాత్రమే ఉంటుంది.

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో జరిగిన ప్రమాదంలో 72 మంది ప్రాణాలు కోల్పోయారు. మంటలు భవనం వెలుపలి నుంచి అంత వేగంగా పైకి పాకడానికి పాలిథిలిన్ కోర్ ఉన్న ఇటువంటి పలకలే ప్రధాన కారణమని బహిరంగ విచారణ తేల్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లో భవనాల మీది పలకల కోర్‌ను దహనశక్తి, అంటే కిలో పదార్థం పూర్తిగా మండితే వెలువడే వేడి, ఆధారంగా మూడు వర్గాలుగా విడదీశారు. కిలోకు 3 మెగాజౌల్స్ మించనివి మొదటి వర్గం, 3 నుంచి 35 వరకు ఉన్నవి రెండవ వర్గం, 35 దాటినవి మూడవ వర్గం. శుద్ధ పాలిథిలిన్ 40కి పైనే ఉంటుంది. మనం ఎఫ్ఆర్ అని కొంటున్నది రెండవ వర్గంలోకి వస్తుంది కనుక అది అసలు మండని పదార్థం కాదని, నెమ్మదిగా, కష్టంగా మండేదని కొనేవారు గుర్తుంచుకోవాలి. బోర్డు చిన్నదే కదా, భవనమంతా కప్పే క్లాడింగ్ కాదు కదా అని కొందరు అంటారు. ప్రవేశద్వారం పైనుండే బోర్డు మండితే, ఆ మండే బొట్లు పడేది లోపలివారు బయటికి పరుగెత్తే దారి మీదేనన్న ఒక్క కారణం నా దృష్టిలో చాలు.

ఇక పత్రాల విషయం. ఈ షీట్ కొనుగోలులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13501-1 ప్రకారం నిర్మాణ సామగ్రికి ఎ1 నుంచి ఎఫ్ వరకు తరగతులు ఉంటాయి. వాటికి తోడుగా పొగకు ఎస్1 నుంచి ఎస్3 వరకు, మండే బొట్లకు డి0 నుంచి డి2 వరకు గుర్తులు ఉంటాయి. మంచి ఎఫ్ఆర్ షీట్ మీద మనం చూసే బి-ఎస్1, డి0 అంటే మంటకు దాని తోడ్పాటు చాలా పరిమితం, పొగ తక్కువ, మండే బొట్లు రాలలేదు అని అర్థం. ఇందుకు చేసే ముఖ్య పరీక్షలో మీటరున్నర ఎత్తున్న రెండు పలకలను మూలగా నిలబెట్టి, ఆ మూలలో 30 కిలోవాట్ల బర్నర్ వెలిగిస్తారు. పలకను ఏ ఫ్రేముకు, వెనుక ఎంత ఖాళీతో, ఏ అతుకులతో బిగించి పరీక్షించారో నివేదికలో రాసి ఉంటుంది, ఫలితం వర్తించేది కూడా ఆ అమరికకే. కనుక సరఫరాదారు చూపే పత్రంలో తరగతి ఒక్కటే చూసి ఊరుకోకుండా మందం, రేకు మందం, పూత, బిగించిన పద్ధతి, పరీక్షించిన తేదీ, ప్రయోగశాల పేరు కూడా చదవాలి. నివేదికలో 4 మిల్లీమీటర్ల షీట్ ఉండి, మన చేతికి 3 మిల్లీమీటర్లది వస్తే ఆ కాగితం ఈ షీట్‌ది కాదు.

షీట్ కేటలాగుల్లో పీవీడీఎఫ్ అని పెద్ద అక్షరాలతో కనిపించేది రంగు పూత గురించి. ఎండకు వెలవకుండా చాలా ఏళ్లు నిలిచే మంచి పూతే అయినా, లోపలి కోర్ ఏమిటో అది చెప్పదు. కోర్ రంగు చూసి నిర్ణయించడం కూడా సరికాదు. నల్లగా ఉంటే చౌకరకమని, తెల్లగానో బూడిదరంగులోనో ఉంటే ఎఫ్ఆర్ అని వర్క్‌షాపుల్లో ఒక నమ్మకం ఉంది కానీ, ఏ కోర్‌కైనా ఏ రంగైనా కలపవచ్చు.

సరుకు దిగగానే మేము చేసే పని ఒకటుంది. షీట్ అంచు నుంచి వేలెడు వెడల్పు ముక్క కోసి, ఒక వైపు రేకును కటింగ్ ప్లయర్‌తో వెనక్కి ఒలిచి, ఆరుబయట కోర్‌కు లైటర్ మంట చూపిస్తాం. పాలిథిలిన్ అయితే కొవ్వొత్తి వాసన వస్తూ వెంటనే కరుగుతుంది, లైటర్ తీసేసినా మండుతూ బొట్లు కిందికి రాలుతాయి. ఎఫ్ఆర్ కోర్ అంటుకోవడానికి సమయం తీసుకుంటుంది, ఉన్నచోటనే మాడి పెళుసైన బూడిద పెచ్చుగా మారుతుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది. రెండు రకాలు కలగలిసి వచ్చాయేమో కనిపెట్టడానికి ఇది పనికొస్తుంది. ప్రయోగశాల పరీక్షకు ఇది బదులు కాదు, గ్రాహకుడికి చూపి నమ్మించడానికి అసలే కాదు.

పనితనంలో ఎఫ్ఆర్ షీట్ మామూలు షీట్ కంటే కొంచెం మొండిది. ఖనిజపు పొడి రౌటర్ (షీట్‌ను కోసే, గాడి తీసే యంత్రం) బిట్లను త్వరగా అరగదీస్తుంది, మొద్దుబారిన బిట్‌తో కోస్తే అంచు గరుకుగా లేస్తుంది. పెట్టె ఆకారంలో మడవడానికి వెనుక నుంచి వి-గ్రూవ్, అంటే వి ఆకారపు గాడి, వేసినప్పుడు ముందు రేకుకు ఆనుకొని సుమారు 0.3 మిల్లీమీటర్ల కోర్‌ను తప్పనిసరిగా వదలాలి. మామూలు షీట్ ఇందులో చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది గానీ ఎఫ్ఆర్ కోర్ పెళుసుదనం వల్ల ఓర్చుకోదు, మడత గీత వెంట పూత చిట్లుతుంది. 0.2 మిల్లీమీటర్ల రేకు ఉన్న షీట్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ కాబట్టి మడతలున్న బోర్డుకు 0.5 రేకు తీసుకోవడమే మేలు. కోత సమయంలో లేచే పొడికి డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్, మాస్కు అవసరం.

బరువు తేడాను చాలామంది లెక్కలోకి తీసుకోరు. 0.5 రేకుతో 4 మిల్లీమీటర్ల మామూలు షీట్ చదరపు మీటరుకు సుమారు 5.5 కిలోలు ఉంటే, అదే మందం ఎఫ్ఆర్ షీట్ సుమారు 7.6 కిలోలు తూగుతుంది. 1.22 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల పొడవు ఉన్న పూర్తి షీట్‌కు 16 కిలోలకు బదులు 22 కిలోలకు పైగా వస్తుంది కనుక, పాత డ్రాయింగుల్లోని రివెట్ల దూరం, యాంకర్ బోల్టుల సంఖ్య మళ్లీ లెక్కించాలి. అయినా బరువు కంటే పెద్ద పరీక్ష గాలిది. సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద చూపే పీడనం సుమారు 960 పాస్కల్స్. ఆ లెక్కన ఒక్క పూర్తి షీట్ మీద పడే బలం దాదాపు 290 కిలోల బరువుకు సమానం. గాలి వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. బోర్డు అంచుల దగ్గర, మూలల దగ్గర గాలి నెట్టడం కంటే బయటికి లాగడం ఎక్కువ కాబట్టి రివెట్లు అక్కడ దగ్గర దగ్గరగా ఉండాలి. గోడ బలం, యాంకర్ లోతు, ఫ్రేము మందం స్థానిక నిబంధనల ప్రకారం స్ట్రక్చరల్ ఇంజినీరు నిర్ణయించవలసినవి. వాటి విషయంలో షీట్ అమ్మేవారి సలహా సరిపోదు.

వేడికి ఈ పలక మీటరుకు, 100 డిగ్రీల తేడాకు సుమారు 2.4 మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రి చలికి, మధ్యాహ్నం ఎండకు మధ్య ముదురు రంగు షీట్ ఉపరితలంలో 50 డిగ్రీల తేడా రావడం అసాధ్యమేమీ కాదు, అప్పుడు పూర్తి షీట్ పొడవులో దాదాపు 3 మిల్లీమీటర్ల కదలిక ఉంటుంది. రంధ్రాలను రివెట్ కంటే కొంచెం పెద్దవిగా వేసి, షీట్‌కు షీట్‌కు మధ్య సందు వదిలితే పలక ఉబ్బదు. పైన అమర్చే యాక్రిలిక్ అక్షరాలు దీనికి మూడు రెట్లు సాగుతాయి కనుక వాటిని గట్టి జిగురుతో మొత్తం అతికించడం కంటే స్టడ్‌ల (చిన్న లోహపు కడ్డీల) మీద నిలబెట్టడమే క్షేమం.

ఆ యాక్రిలిక్ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే బి తరగతి పత్రం వట్టి షీట్‌కు ఇచ్చినది. దాని మీద వినైల్ అతికించి, యాక్రిలిక్ అక్షరాలు నిలిపి, వెనుక ఎల్ఈడీలు పెట్టిన తర్వాత ఆ పత్రం పూర్తయిన బోర్డుకు హామీ కాదు. యాక్రిలిక్ చక్కగా మండే పదార్థం. అక్షరాల విస్తీర్ణం ఎక్కువైనప్పుడు జ్వాలా నిరోధక గుణమున్న పాలీకార్బొనేట్ గ్రేడును ఎంచుకోవడమో, రేకుతో చేసిన అక్షరాలకు మారడమో చేయాలి.

విద్యుత్తు వైపు ఈ షీట్‌కు ఒక ప్రత్యేకత ఉంది, ఏ కేటలాగులోనూ దానిని స్పష్టంగా రాయగా నేను చూడలేదు. రెండు రేకుల మధ్య కోర్ విద్యుత్ నిరోధకం. అందువల్ల వెనుక రేకును ఫ్రేముతో పాటు ఎర్త్ చేసినా ముందు రేకుకు ఎర్త్ అందిందనుకోకూడదు, రివెట్ కూడా పూత వల్ల సరిగా తాకకపోవచ్చు. జనం చేయి ఆనేది ముందు రేకుకే కదా. ఒక మూల పూత గీకి, పళ్ల వాషరుతో రెండు రేకులను కలిపి, మల్టీమీటరుతో ముందు రేకు నుంచి ఎర్త్ తీగ వరకు కంటిన్యుటీ, అంటే విద్యుత్ మార్గం తెగకుండా ఉందో లేదో, చూసుకోవాలి. తీగ బయటికి వచ్చే రంధ్రంలో అర మిల్లీమీటరు రేకు అంచు కత్తిలా పనిచేసి ఇన్సులేషన్‌ను కోస్తుంది, అక్కడ రంధ్రపు అంచును కప్పే రబ్బరు గ్రోమెట్ లేకుండా తీగ దూర్చడం ప్రమాదకరం. ఎల్ఈడీలకు విద్యుత్తు అందించే పవర్ సప్లైని దాని సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకుండా, గాలి ఆడే చోట, షీట్‌కు ఆనకుండా అమర్చాలి. 12 వోల్టుల ఎల్ఈడీలకు 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 5 మీటర్ల దూరానికి 5 ఆంపియర్లు పంపితే రానూపోనూ కలిపి 1 వోల్టుకు పైగా తీగలోనే పోతుంది. అక్షరాలు చివరకు వచ్చేసరికి మసకబారడానికి చాలాసార్లు కారణం ఇదే. దానిని సరిచేయడానికి వోల్టేజీ పెంచడం కంటే తీగ మందం పెంచడం సరైన పద్ధతి. అమెరికాలో వెలిగే బోర్డు మొత్తానికి యూఎల్ 48 అనే ప్రమాణం ఉంది. విడిభాగాలన్నిటికీ వేర్వేరు ముద్రలున్నా, కూర్పు కూడా ఆ ప్రమాణానికి తగినట్లు ఉండాలన్నది దాని ఉద్దేశం. నీటి రక్షణకు ఐపీ65, ఐపీ67 అన్నవి కూడా ఆయా భాగాలకు వర్తించేవే. అక్షరపు పెట్టె అడుగున నీరు కారిపోయే రంధ్రాలు లేకపోతే మంచి ఎల్ఈడీ మాడ్యూల్ కూడా ఎప్పుడూ నీటిలో నానుతూ ఉంటుంది.

సరఫరా సేవ విషయానికి వస్తే, ప్రస్తుతం మాకు షీట్లు పంపే సంస్థ ప్రతి బిల్లు మీద బ్యాచ్ నంబరు రాస్తుంది, అడిగితే పరీక్షా నివేదికను కవరు పేజీ ఒక్కటే కాకుండా పూర్తిగా పంపుతుంది. ఇంతకుముందు ఒక చోట అడిగితే మరో కంపెనీ పేరున్న పత్రాన్ని పేరు చెరిపి ఇచ్చారు, ఆ సరుకును వెనక్కి పంపించాం. ఇప్పటి సంస్థ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: బ్యాచ్ గుర్తును షీట్ వెనుక ఒక చివర మాత్రమే ముద్రిస్తున్నారు. షీట్‌ను రెండుగా కోసిన మరుక్షణం ఒక ముక్కకు ఆనవాలు ఉండదు, అరల్లో మిగిలిన ముక్కలు మామూలు షీట్ ముక్కలతో కలిస్తే కంటికి తేడా తెలియదు. వెనుక రేకు పొడవునా మీటరుకోసారి ఆ గుర్తును ముద్రించమని కోరాను. వారు మార్చే వరకు కోత బల్ల దగ్గరే మార్కర్ పెట్టి, షీట్ మీద బ్లేడు పడక ముందే ప్రతి ముక్క వెనుకా బ్యాచ్ నంబరు రాయిస్తున్నాం.