‘వెతుక్కో’ అనడమా, మళ్లీ చెప్పడమా: ఏది మేలు?

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుట, విష్ణు నివాసం దగ్గర నేను టీ తాగే బంకు ఒకటుంది. ఆ బంకాయన తెల్లారుజామున పాలు పొయ్యి మీద పెట్టింది మొదలు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుంటాడు: “కొండకు ఎట్లా పోవాల?” బోర్డులు లేక కాదు. తెలుగులో, తమిళంలో, హిందీలో, ఇంగ్లిష్‌లో కళ్లెదుటే ఉన్నాయి. అయినా అడుగుతారు. ఆయన టీ వడగడుతూ తల కూడా ఎత్తకుండా, “టోకెన్ ఉందా స్వామీ? నడకా, బస్సా?” అని ఎదురు అడుగుతాడు. నడక అంటే “పెద్దోళ్లు ఉండారా వెంట?” అని ఇంకోటి. ఉంటే అలిపిరి దారి: 3,550 మెట్లు, కానీ నిదానంగా ఎక్కొచ్చు. కుర్రాళ్లే అయితే శ్రీవారి మెట్టు: 2,388 మెట్లే, కాకపోతే నిటారు. అడిగిన మాట ఒకటే, జవాబు మాత్రం మనిషిని బట్టి మారుతుంది.

మేం నలుగురం కలిసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ల కోసం ఒక టెలిగ్రామ్ గ్రూపు నడుపుతున్నాం. చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు పిల్లలే ఎక్కువ. కాలేజీలు తెరవగానే వరస మొదలవుతుంది: “అన్నా, పైథాన్ ఇన్‌స్టాల్ చేశాను, టైప్ చేస్తే లేదంటోంది.” ఇన్‌స్టాలర్ మొదటి తెరలో అడుగున ఒక చిన్న గడి ఉంటుంది, పాత్‌లో, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాలో, చేర్చమంటారా అని. దానికి టిక్ పెట్టకుండా ముందుకు నొక్కేస్తారు. అంతే సంగతి. నెలలో పదిసార్లు ఇదే రాస్తే ఎవరికైనా చిరాకు వస్తుంది. అందుకే ఏం చెయ్యాలన్నది మా మధ్య చాలాకాలం నలిగింది.

మొదటి దారి, “ముందు గూగుల్‌లో వెతుక్కో” అనడం. దీన్ని తిట్టిపోయడం తేలిక. కానీ అలా అనేవాడి వైపు నుంచీ చూడాలి. బెంగళూరులో ఉద్యోగం, రాత్రి పదికి ఇంటికి చేరి, జీతం భత్యం లేకుండా ఫోన్ తెరిచి జవాబులు రాసే మనిషి అతను. ఈ బాధ ఇప్పటిది కూడా కాదు. 1980లలో యూజ్‌నెట్ అనే చర్చావేదికలో ఏటా సెప్టెంబర్‌లో అమెరికా యూనివర్సిటీల కొత్త పిల్లలు వచ్చి పడేవాళ్లు. కొన్ని వారాల్లో పద్ధతులు నేర్చుకుని సర్దుకునేవాళ్లు. 1993 నుంచి కంపెనీల కనెక్షన్లతో మామూలు జనమూ రావడం మొదలయ్యాక ఆ రద్దీ ఇక తగ్గలేదు. పాతవాళ్లు దానికి ముగియని సెప్టెంబర్ అని పేరు పెట్టుకున్నారు. తిరుపతి వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు పెరటాసి (తమిళ నెల) శనివారాలకు, బ్రహ్మోత్సవాలకు ఉండే రద్దీ ఇప్పుడు ఏ మామూలు మంగళవారమైనా ఉంటుంది.

అయినా ఈ దారి నాకు నచ్చదు. ఒక రాత్రి మా గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. ల్యాబ్ కంప్యూటర్‌ను ఫోన్‌తో అడ్డంగా తీసింది, సగం తెర మీద ట్యూబ్‌లైటు మెరుపే. కింద “నల్ల స్క్రీన్‌లో పైథాన్ రావడం లేదు సార్” అని ఉంది. మాలో ఒకాయన “గూగుల్ అనేది ఒకటుంది, తెలుసా?” అని రాశాడు. నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పిల్లవాడు ఫోటో తీసేసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది: వెతకాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా. ‘టెర్మినల్’ (కమాండ్లు కొట్టే ఆ నల్ల స్క్రీన్ పేరు), ‘పాత్’ అన్న మాటలే తెలియనివాడు గూగుల్‌లో ఏమని కొడతాడు?

ఇంకో చిక్కు, దొరికిన పాత జవాబు ఇప్పుడు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. పైథాన్ పాత వెర్షన్ అయిన పైథాన్ 2 కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. అయినా ఆ పాత పద్ధతిలో రాసిన, బ్రాకెట్లు లేని ప్రింట్ లైన్లు వెతికితే ఇంకా తగులుతూనే ఉంటాయి. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో ఒకప్పుడు పిప్ ఇన్‌స్టాల్ అనే కమాండ్ కొడితే ప్యాకేజీ, అంటే పైథాన్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్, నేరుగా దిగేది. 23.04 వెర్షన్ నుంచి అది ఒప్పుకోదు, ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ ప్యాకేజీలకు విడిగా ఒక చోటు, చేసుకోమంటుంది. ప్రశ్న చూస్తే పాతదే, “పిప్ పనిచేయట్లేదు” అని. కారణం మాత్రం కొత్తది. 2008లో మొదలైన, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ‘ఇది ముందే అడిగారు’ అని ప్రశ్నను మూసేసే పద్ధతి ఉంది. పాత జవాబులు చక్కగా ఒకచోట పోగుపడడానికి అది మంచిదే. అడిగినవాడికి మాత్రం తలుపు ముఖం మీదే వేసినట్టుంటుంది. తమ దగ్గర కొత్తవాళ్లకు ఆదరణ కరువైందని ఆ సంస్థే 2018లో బహిరంగంగా ఒప్పుకుంది.

రెండో దారి, తరచూ అడిగే ప్రశ్నలన్నీ రాసి పైన పిన్ చేయడం. మేమూ చేశాం. నలభై ప్రశ్నలు, బొమ్మలతో సహా. రెండు వారాలు కూర్చుని రాశాను కాబట్టి అందరూ చదువుతారనుకున్నాను. ఫోన్‌లో పిన్ చేసింది పైన ఒక్క గీతలా కనిపిస్తుంది, వేలు తగిలితే తప్ప తెరుచుకోదు. అడిగేవాడు చదవలేదు, జవాబు చెప్పేవాడికి మాత్రం బాగా పనికొచ్చింది. అదీ చిన్న లాభం కాదు, మొత్తం మళ్లీ టైప్ చేసే పని తప్పింది.

కొత్తవాళ్లకు వేరే గ్రూపు పెడితే? పెట్టాం. పని బాగా తెలిసిన పెద్దవాళ్లు ఒక్కరూ అటు తొంగిచూడలేదు. మూడు నెలలకు మూతపడింది.

చాట్‌జీపీటీ వచ్చాక ఈ గొడవే ఉండదన్నారు కొందరు. నిజమే, ప్రశ్నలు తగ్గాయి. అది విసుక్కోదు, అర్ధరాత్రి అడిగినా చెబుతుంది. కానీ దాని జవాబు కుదరక మా దగ్గరికి వచ్చేవాడు అప్పటికే నాలుగు రకాల కమాండ్లు కొట్టి, సిస్టమ్‌ను ఇంకో మెలిక తిప్పి తెస్తున్నాడు. అసలు సమస్య కన్నా ఆ ముడి విప్పడమే పెద్ద పని.

ఇక మేం ఇప్పుడు పట్టుకున్న దారి: మళ్లీ చెప్పడమే, కానీ చెప్పేది పెద్దవాళ్లు కాదు. పోయిన నెల ఇదే ప్రశ్న అడిగినవాళ్లు చెప్పాలి. పదేళ్లుగా కోడ్ రాసేవాడికి ఆ గడి టిక్ పెట్టడం ఒక సమస్య అన్న సంగతే గుర్తుండదు. మొన్న మొన్న తంటాలు పడినవాడికి ఏ తెర దగ్గర తికమక వస్తుందో బాగా తెలుసు. చెప్పేటప్పుడు వాడు నేర్చుకున్నదీ గట్టిపడుతుంది. మేం పెట్టిన షరతు ఒకటే, బంకాయన లాగా ముందు ఎదురు ప్రశ్న వెయ్యాలి: విండోసా, ఉబుంటూనా? తెర మీద ఏముంది, అక్షరం పొల్లుపోకుండా పంపు. ఆ తర్వాతే పిన్‌లోంచి సరైన ముక్క తీసి ఇవ్వాలి. ఒకే ప్రశ్న వారంలో మూడోసారి వస్తే తప్పు పిల్లలది కాదు, మా నోట్సుదని లెక్క. ఆ పేజీ మళ్లీ రాస్తాం. ఆ గడి చుట్టూ ఎర్ర సున్నా చుట్టిన బొమ్మ అలా వచ్చిందే.

తప్పులు రావా? వస్తాయి. ఒకమ్మాయి ఎవరికో యాంటీవైరస్ పూర్తిగా తీసెయ్యమని సలహా ఇచ్చింది, పొద్దున చూసి గుండె జారింది. అందుకని వంతులవారీగా మా నలుగురిలో ఒకరం రోజుకోసారి జవాబులన్నీ చూస్తున్నాం. పావుగంట పని. గ్రూపులో రోజంతా మోత మోగుతుంది కూడా.

గూగుల్ సంగతి తెలుసా అని రాసినాయన ఆ మోత భరించలేక గ్రూపును మ్యూట్‌లో పెట్టేశాడు. మనిషి మంచోడే, డేటాబేస్ పనిలో మా నలుగురిలో ఆయనంత తెలిసినవాళ్లు లేరు. ఆ రకం ప్రశ్న వస్తే ఇప్పుడు నేనే ఆయనకు ఫోన్ చేసి, కాస్త బతిమాలి, జవాబు కనుక్కుని గ్రూపులో పెడుతున్నాను.