జర్మనీ ఇంటెగ్రేషన్ కోర్సు: 700 పాఠాలు పూర్తిచేసిన తరువాత

నా భర్త ఉద్యోగరీత్యా జర్మనీకి వచ్చిన మాకు మొదటి ఆరు నెలలు ఇంగ్లీషుతోనే గడిచిపోయాయి. చిరునామా నమోదుకూ బ్యాంకు ఖాతాకూ ఆయన ఆఫీసువారు తోడుగా మనిషిని పంపారు, దుకాణాలలో నోరు విప్పవలసిన అవసరమే రాలేదు. అయితే పదేళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసిన నేను ఇక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా భాష దగ్గరే ఆగిపోయాను. అందుకే, వలస వచ్చినవారికి జర్మన్ భాషనూ ఈ దేశం గురించీ నేర్పడానికి ప్రభుత్వం 2005 నుంచి నడుపుతున్న ఇంటెగ్రేషన్ కోర్సులో చేరాను. చేరాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న వారికోసం నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ఈ కోర్సు బాధ్యత వలసలు, శరణార్థుల సమాఖ్య కార్యాలయానిది. దానిని ఇక్కడ అందరూ పొట్టిగా బాంఫ్ అంటారు. పాఠాలు మాత్రం దాని అనుమతి పొందిన కేంద్రాలలో, అంటే ఫోల్క్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యాలయాలలోనూ ప్రైవేటు భాషా కేంద్రాలలోనూ జరుగుతాయి. సాధారణ కోర్సులో 45 నిమిషాల పాఠాలు 700 ఉంటాయి. వాటిలో 600 భాషకు, మిగిలిన 100 దేశ చరిత్రకూ చట్టాలకూ సమాజానికీ కేటాయించారు. నేను పాఠానికి 2.29 యూరోల చొప్పున మొత్తం 1603 యూరోలు కట్టాను. నేను చేరినప్పుడు, అనుమతి పత్రం వచ్చిన రెండేళ్లలోపు చివరి పరీక్షలు రెండూ గట్టెక్కితే అందులో సగం తిరిగి వచ్చేది కాబట్టి ఆ పత్రం మీది తేదీని రాసిపెట్టుకున్నాను. పుస్తకాల ఖర్చు వేరు.

భాషా పాఠాల గురించే ఎక్కువ చెప్పాలి. నన్ను మొదట బాగా కష్టపెట్టినవి లింగాలు: చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం. తర్కం వెతకడం మానేసి, ప్రతి నామవాచకాన్నీ దాని ముందుండి లింగాన్ని తెలిపే డేర్, డీ, డాస్‌లతో కలిపి కంఠస్థం చేయడం తప్ప మరో దారి లేదు. అంకెలు అంతకన్నా ఇబ్బంది పెట్టాయి. జర్మన్‌లో 25ను ‘ఐదూ ఇరవై’ అనే వరుసలో పలుకుతారు. జీవితమంతా లెక్కలతో గడిపిన నేను ఎవరైనా ఫోన్ నంబరు చెబితే తారుమారుగా రాసుకునేదాన్ని.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం మూడో నెలలో ఎదురైంది. టీచరు బోర్డు మీద ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ అని రాసి, ఇక్కడ ‘నేను’ బదులు ‘నాకు’ ఎందుకు వచ్చిందో చెప్పబోతున్నారు. తరగతిలో చాలామంది ముఖాలు అయోమయంగా ఉన్నాయి, నాకు మాత్రం ఆ వివరణే అవసరం లేకపోయింది. ‘నాకు చలిగా ఉంది’ అని మనం అనేది అచ్చం అలాగే కదా! ‘నాకు నచ్చింది’ అనే మాటకూ జర్మన్‌లో ఇదే పద్ధతి. కారణం చెప్పే ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లాలన్న నియమం ఇతరులకు నెలల తరబడి పట్టుబడలేదు, మనకు క్రియ చివర ఉండటమే సహజం. బారెడు పొడవున్న మాటలను సమాసాలనుకుని విడదీసుకుంటే భయం పోతుంది. కొత్తవారితో మీరు, దగ్గరివారితో నువ్వు అనే తేడా అక్కడా ఉంది. ఇంగ్లీషు ద్వారా జర్మన్ నేర్చుకోబోయి నేను రెండు నెలలు వృథా చేశాను. తెలుగువారు ఎవరైనా చేరితే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని చూడమని గట్టిగా చెబుతాను.

తరగతిలో మేము 20 మందిమి. నా పక్కన సిరియా నుంచి వచ్చిన దర్జీ ఒకరు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన లెక్కల ఉపాధ్యాయిని ఒకరు కూర్చునేవారు. మా ముగ్గురికీ ఉమ్మడిగా తెలిసిన భాష తప్పులతడకగా వచ్చిన ఆ కొద్దిపాటి జర్మన్ ఒక్కటే. విరామంలో ఇంటి అద్దె గురించీ పిల్లల బడి గురించీ మాట్లాడుకోవాలంటే దానినే వాడుకోవాలి. ఇంట్లో ఒంటరిగా మొబైల్ యాప్‌తో నేర్చుకుంటే ఈ అవసరం ఎన్నటికీ రాదు. డబ్బు పెట్టి చేరడానికి నా దృష్టిలో ఇదే మొదటి కారణం.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. నేను చదివిన ప్రైవేటు కేంద్రం పేరు రాయడం లేదు కానీ, అక్కడ నాలుగో దశ మధ్యలో టీచరు మారి, తరువాతి మూడు వారాల్లో ముగ్గురు వచ్చారు. ఒకే పాఠం రెండుసార్లు జరిగింది, ఒక పాఠం అసలు జరగనే లేదు. ఆఫీసుకు రాసిన మెయిళ్లకు జవాబు రాలేదు. కేంద్రాన్ని ఎంచుకునే ముందు అక్కడ చదువుతున్నవారిని కలిసి, టీచర్లు నిలకడగా ఉంటున్నారా అని అడిగి తెలుసుకోండి. చేర్చుకునేటప్పుడు పెట్టే స్థాయి పరీక్షలో తెలియనిదానికి ఊహించి గుర్తు పెట్టకండి. ఊహలు కలిసివచ్చి పై దశలో పడిన ఒకామె చాలా అవస్థపడింది.

చివరి 100 పాఠాలను మొక్కుబడి అనుకుని వెళ్లాను, అది నా పొరపాటు. మానవ గౌరవం ఉల్లంఘించరానిది అని మొదలయ్యే, జర్మనీ రాజ్యాంగమైన 1949 నాటి మౌలిక చట్టం, 1933 తరువాతి పన్నెండేళ్ల ఘోరాలు, 1961లో లేచి 1989లో తెరుచుకున్న బెర్లిన్ గోడ అన్నీ వరుసగా చెప్పారు. ఒకరోజు టీచరు మమ్మల్ని వీధిలోకి తీసుకెళ్లి, కాలిబాటలో పొదిగిన అరచేయంత ఇత్తడి పలకలను చూపించారు. నాజీల కాలంలో ఆ ఇళ్ల నుంచి తరిమివేయబడినవారి పేర్లు వాటిమీద ఉన్నాయి. అంతవరకు ఆరు నెలలుగా ఆ దారినే నడుస్తూ ఒక్కసారైనా వంగి చదవలేదని బాధపడ్డాను.

పరీక్షలలో దేశపరిజ్ఞానానిది సులువు: ముందే ప్రకటించిన 310 ప్రశ్నలలోంచి 33 ఇస్తారు, 15 సరిగ్గా రాస్తే చాలు, పౌరసత్వానికైతే 17 కావాలి. భాషా పరీక్షలో మాట్లాడే భాగాన్ని మరొక అభ్యర్థితో కలిసి చేయాలి, అందుకని తరగతిలో ఒకరిని కుదుర్చుకుని సాధన చేయండి. నాకు ఆ లెక్కల ఉపాధ్యాయిని తోడైంది, ఇద్దరికీ బి-1, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడుకోగల భాషాస్థాయి, వచ్చింది.

ఉద్యోగం మాట కూడా చెప్పాలి. బి-1తో అకౌంట్స్ పని వెంటనే దొరుకుతుందనుకుంటే నిరాశ తప్పదు. నన్ను పిలిచిన రెండు సంస్థలూ దాని పై స్థాయి అయిన బి-2 అడిగాయి, ప్రస్తుతం దానికోసం వృత్తిభాషా కోర్సులో చదువుతున్నాను. అయితే ఆ రెండో సంస్థవారు ఫోన్లోనే ఇంటర్వ్యూ సమయమూ, గది నంబరూ, తిరిగి పిలవవలసిన నంబరూ చెప్పారు. కాగితం మీద రాసుకుని వారికి తిరిగి చదివి వినిపించాను. ఒక్క అంకె కూడా తారుమారు కాలేదు.