మొరం, బండ, ముళ్ళు: అన్ని బాటలకీ ఒకే జత టైర్లంటే ఏది మేలు?

మౌంటెన్ బైక్ కొన్నవాళ్ళు ఏడాది తిరక్కముందే అడిగే ప్రశ్న ఇది: "అన్ని రకాల నేలకీ పనికొచ్చే టైర్లు ఏవో చెప్పండి." నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. ఏ చక్రానికి? ముందుదానికా, వెనకదానికా? టైర్లు జతగా కొనేవే కదా అని చాలామంది ఆశ్చర్యపోతారు. నేనూ అలాగే కొనేవాణ్ణి, అనంతగిరి గుట్టల్లో ఒక మలుపు దగ్గర పడేదాకా.

వికారాబాద్ దాటాక ఆ గుట్టల్లో నేల ఎర్రగా, గట్టిగా ఉంటుంది. జనవరి వచ్చేసరికి మట్టి బాగా ఆరిపోయి, పైన శనగగింజంత రాళ్ళు తేలతాయి. దిగుడులో ఎడమ మలుపు వచ్చింది, సైకిల్ వాల్చాను. వెనక చక్రం జారితే నడుము కింద ఏదో కదిలినట్టు ముందే తెలుస్తుంది, సర్దుకోడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ముందు చక్రం ఆ వ్యవధి ఇవ్వదు. హ్యాండిల్ ఒక్కసారి చేతుల్లో తేలికైపోయింది, మరుక్షణం మోచెయ్యి నేల మీద ఉంది. అప్పుడు నా సైకిల్‌కి ముందూ వెనకా ఒకే రకం టైర్లు, రేసుల కోసం చేసిన పొట్టి బొడిపెలవి. తారు రోడ్డు మీద హాయిగా పరిగెత్తేవి. లేచి చూస్తే, ఆ అంచు బొడిపెలకి గులకల కిందున్న గట్టి నేలని అందుకునే ఎత్తే లేదు. రాళ్ళ మీద గోలీల మీద నడిచినట్టు వెళ్ళిపోయింది చక్రం.

ఆ తర్వాత నా లెక్క మారింది. ముందు టైరుని మీరు భయపడే మలుపును బట్టి ఎంచుకోండి. వెనక టైరుని మీరు ఎక్కువ దూరం తొక్కే నేలను బట్టి ఎంచుకోండి. ఈ రెండూ ఒకటే అయ్యే రైడర్లు చాలా తక్కువ.

హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కేవాళ్ళకి ఒక్క ఉదయంలోనే నాలుగు నేలలు తగులుతాయి. ఇంటి నుంచి ఊరి చివరిదాకా తారు. ఆ తర్వాత మొరం, అంటే గ్రానైటు అరిగి పొడైన బరక ఇసుక, కింద మాత్రం సిమెంటులా గట్టి నేల. గుట్ట ఎక్కితే పరుపుబండలు. గుట్ట దిగితే సర్కారు తుమ్మ. వీటన్నిటిలో కష్టమైనది మొరమే. బండ చూడ్డానికి భయపెడుతుంది కానీ, పొడిగా ఉంటే టైరుని బాగా పట్టుకుంటుంది. అక్కడ బొడిపెల ఎత్తుతో పెద్దగా పని లేదు, రబ్బరు మెత్తదనం, గాలి ఎంత ఉందన్నదే ముఖ్యం. మొరం మీద అంచు బొడిపెలు పొడుగ్గా, గట్టిగా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి.

ఇక పోలికకి వద్దాం.

పొట్టి బొడిపెల టైర్లలో మాక్సిస్ కంపెనీ ఇకాన్, విట్టోరియా కంపెనీ మెజ్కాల్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. 29 అంగుళాల చక్రానికి 2.2 అంగుళాల వెడల్పు ఇకాన్ 600 గ్రాముల పైచిలుకు తూగుతుంది. బొడిపెలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి తారు మీదా గట్టి మట్టి మీదా సాఫీగా దొర్లుతాయి. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే తొక్కి, ఆదివారం మాత్రం చెరువుగట్టు మీదకి వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే అక్కర్లేదు. వెనక చక్రానికైతే నాకూ అభ్యంతరం లేదు. ముందుకి మాత్రం, గులకల దిగుళ్ళు మీ దారిలో ఉంటే, వద్దనే చెబుతాను.

దీనికి అటు చివర ఉన్నవి మాక్సిస్ మినియన్ డీహెచ్ఎఫ్, డీహెచ్ఆర్ టూ. పేర్లలోనే ఉంది, ఎఫ్ ముందు చక్రానికి, ఆర్ వెనకదానికి, డీహెచ్ అంటే డౌన్‌హిల్. డీహెచ్ఎఫ్‌ని చేత్తో తడిమి చూడండి. మధ్య వరస బొడిపెల ముందంచు ఏటవాలుగా కోసి ఉంటుంది, దొర్లడం తేలికవడానికి. అంచు బొడిపెలు గోడలా నిలబడి ఉంటాయి. ఈ రెంటికీ మధ్య ఖాళీ కాలవ ఒకటి నడుస్తుంది. ఈ టైరు మంచీ చెడ్డా ఆ కాలవలోనే ఉన్నాయి. సైకిల్‌ని బాగా వాలిస్తే అంచు బొడిపెలు నేలలో దిగి పట్టు వదలవు. సగం సగం వాలిస్తే, మధ్య వరస వదిలేసి అంచు ఇంకా అందుకోని ఆ కాసేపు టైరు కొంచెం తేలినట్టుంటుంది. వాల్చడానికి జంకేవాళ్ళకి ఈ టైరు మీద మొదట్లో నమ్మకం కుదరదు, నెలరోజులు అలవాటైతే ఇంకో టైరు వెయ్యబుద్ధి కాదు. డీహెచ్ఆర్ టూకి అంచు బొడిపెలు డీహెచ్ఎఫ్ పోలికవే, మధ్యవి మాత్రం అడ్డంగా పారల్లా ఉంటాయి, బ్రేకు పట్టినప్పుడు నేలని తవ్వి ఆపుతాయి.

మరి రెండు చక్రాలకీ ఇవే వేసుకుంటే? బరువు. ఈ టైర్లు ఒక్కొక్కటీ కిలో చుట్టూ ఉంటాయి. పాతిక కిలోమీటర్లు తారు తొక్కి వెళ్ళి, మూడు కిలోమీటర్ల దిగుడు దిగి, మళ్ళీ పాతిక కిలోమీటర్లు వెనక్కి రావాలంటే కాళ్ళకి నరకం. పైగా మెత్తరబ్బరు బొడిపెలు తారు మీద తొందరగా అరుగుతాయి, వెనక చక్రానికి మరీనూ. ట్రైల్ దాకా కారులో సైకిల్ తీసుకెళ్ళేవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళు నిశ్చింతగా ఈ జత వేసుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య నిలిచేవి మాక్సిస్ రెకాన్, ష్వాల్బే కంపెనీ నాబీ నిక్. రెకాన్‌కి మధ్య బొడిపెలు పొట్టివి, అంచువి కాస్త ఎత్తు. ఇకాన్ కంటే కొంచెం బరువు, డీహెచ్ఎఫ్ కంటే బాగా తేలిక. నాబీ నిక్ దీనికంటే ఎక్కువ పట్టు ఇస్తుంది, కొంచెం నెమ్మదిగా దొర్లుతుంది. రబ్బరు ఏ రకమో దాని మీది రంగు గీత చెబుతుంది: ఎరుపైతే వేగానికి, నీలం మధ్యస్థం, నారింజ అయితే మెత్తది. ముందూ వెనకా ఒకే టైరు వేసి తీరాలని పట్టుబడితే, నా ఓటు నీలం గీత నాబీ నిక్‌కే.

కానీ నేను వేసుకున్నది అది కాదు. మూడేళ్ళుగా నా సైకిల్‌కి ముందు డీహెచ్ఎఫ్, వెనక రెకాన్. వెనక చక్రం అప్పుడప్పుడు జారుతుంది, జారనివ్వండి, తిరిగి దారికొస్తుంది. ఎక్కుడులో నిలబడి తొక్కినప్పుడు మొరం మీద రెకాన్ ఉత్తినే తిరుగుతుంది, కూర్చుని బరువు వెనక్కి వేస్తే సరిపోతుంది. ఇంటికి తిరిగొచ్చే దారిలో మాత్రం ప్రతి కిలోమీటరుకీ ఆ వెనక టైరుకి దండం పెట్టుకుంటాను.

ఒక జాగ్రత్త. 2.5 అంగుళాల డీహెచ్ఎఫ్ మీద డబ్ల్యూటీ (వైడ్ ట్రైల్) అని ఉంటే, అది లోపలి వెడల్పు 30 నుంచి 35 మిల్లీమీటర్లున్న రిమ్‌కి చేసింది. తక్కువ ధర సైకిళ్ళకి వచ్చే రిమ్‌లు చాలావరకు అంతకంటే సన్నం. వాటి మీద ఎక్కిస్తే టైరు బల్బులా గుండ్రంగా ఉబ్బుతుంది, మీరు డబ్బు పెట్టింది ఏ అంచు బొడిపెల కోసమో అవి వాటి స్థానంలో ఉండవు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో పట్టకపోవచ్చు కూడా. ఎక్కించాక రెండు పక్కలా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, లేకపోతే ఇరుక్కున్న ఒక్క రాయి చాలు. అలాంటి సైకిల్‌కి ముందు విట్టోరియా బార్జో, వెనక మెజ్కాల్ వేసుకోండి. 2.25 వెడల్పులో ఆ జత ఎంతో నమ్మకమైనది.

నల్లరేగడి సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. వాన పడ్డాక అందులో ఏ టైరూ తిరగదు. నాలుగు గజాలు పోయేసరికి చక్రం రొట్టెలా మందమై ఫోర్కులో బిగుసుకుపోతుంది. ఆ రోజు వేరే దారి పట్టండి, రైతుల బాట కూడా పాడవకుండా ఉంటుంది.

ముళ్ళ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. బొడిపెల గురించి గంటలు చర్చించుకునేవాళ్ళు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. మన దగ్గర రైడ్‌ని ఆపేసేది ఎక్కువసార్లు పంక్చరే. తుమ్మముల్లు పొడుగు, నేరుగా దిగుతుంది. పల్లేరుకాయ అంతకంటే మొండిది, ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికా ఎడారి రాష్ట్రాల్లో తొక్కేవాళ్ళు గోట్‌హెడ్ అని తిట్టుకునేది ఈ మొక్కనే. ట్యూబుతో తొక్కుతుంటే ఏ టైరైనా ఒకటే, కూర్చుని ప్యాచ్‌లు వేసుకోవాలి. ట్యూబ్‌లెస్ చేయించుకుని ఒక్కో టైరులో 100 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లుల్ని మూసే ద్రవం, పోయించండి. ముల్లు పీకి, ఆ చిల్లి కిందకి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే తెల్లటి నురగ వచ్చి, బుసబుస తగ్గి, మూసుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. ఎండాకాలంలో సీలెంట్ లోపలే ఎండిపోతుంది, రెండు నెలలకోసారి చక్రం ఊపి చూడండి, గలగల వినపడకపోతే మళ్ళీ పోయాలి. పెద్ద చిల్లికి మోటారు సైకిళ్ళ ట్యూబ్‌లెస్ టైరుకి పంక్చర్ షాపులో దోపే గోధుమరంగు తాడు ఉంటుందే, అదే సన్నగా సైకిల్‌కీ దొరుకుతుంది. నాలుగు ముక్కలు జేబులో వేసుకోండి.

గ్రానైటు అంచుకి టైరు పక్క భాగం (సైడ్‌వాల్) కోసుకుపోతే సీలెంటూ ఆపలేదు. అందుకని వెనక టైరు కొనేటప్పుడు కేసింగ్, అంటే రబ్బరు కింది గుడ్డ పొర ఎంత గట్టిదో, చూడండి. మాక్సిస్‌లో ఎక్సో రకం అన్నా ఉండాలి, బరువైనవాళ్ళు ఇంకా గట్టిదైన ఎక్సో ప్లస్ తీసుకోవడం మంచిది. 50 గ్రాములు ఆదా చేసి అడవిలో నుంచి సైకిల్ నెట్టుకు రావడం కంటే అది నయం.

గాలి ఎంత ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. నాది 74 కిలోల బరువు. ముందు 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 24. మా వీధి పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోడానికి ఆగితే, ఆ అబ్బాయి బొటనవేలితో నొక్కి చూసి, "అన్నా, ఇంత మెత్తగుందేంది? నిండ కొట్టాల్నా?" అన్నాడు. స్కూటరు టైరు లెక్కలో అతను సరిగ్గానే అడిగాడు. 40 దాకా కొడితే మాత్రం ఎంత ఖరీదైన టైరైనా మొరం మీద బంతిలా ఎగురుతుంది, బండ మీద ఆనదు. ట్యూబు వాడేవాళ్ళు ఇంత తగ్గించకూడదు, రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వాళ్ళు 28, 30 దగ్గర మొదలుపెట్టవచ్చు. కొత్త టైరు కొనేముందు గాలి కొలిచే గేజ్ ఒకటి కొని, రెండేసి పీఎస్ఐ తగ్గించుకుంటూ అదే మలుపులో నాలుగుసార్లు తిరిగి చూడండి. కొందరికి టైరు మార్చాల్సిన పనే ఉండదు.

మార్చాల్సిందే అనిపిస్తే, జత కొనక్కర్లేదు. ఉన్న డబ్బంతా ఒక్క మంచి ముందు టైరు మీద పెట్టండి. ఇప్పుడు ముందున్నది తీసి వెనక్కి వెయ్యండి. ఎక్కించేటప్పుడు సైడ్‌వాల్ మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉందో లేదో చూసుకోండి, షాపులో వేయించినా సరే.