ఊళ్లో బ్యాంక్ మిత్రా, మండలంలో బ్రాంచా?

ఊళ్లో బ్యాంకు లేదు. ఉపాధి హామీ కూలి ఖాతాలో పడింది. ఎక్కడ తీసుకోవాలి? ఊళ్లోనే బ్యాంకు తరఫున వేలిముద్ర మిషన్‌తో డబ్బు ఇచ్చే బ్యాంక్ మిత్ర దగ్గరా, మండలంలోని బ్రాంచిలోనా?

ఖర్చు: బ్రాంచికైతే బస్సు ఛార్జీ, పైగా ఒక రోజు కూలి పోతుంది. మిత్ర దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మిత్ర మీ దగ్గర నేరుగా కమీషన్ తీసుకోకూడదు. అడిగితే ఇవ్వకండి.

శ్రమ: మిత్ర దగ్గర ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. సిగ్నల్ లేకపోతే మాత్రం పని ఆగినట్టే. మట్టిపనితో గీతలు అరిగిన వేళ్లను మిషన్ ఒక్కోసారి పట్టదు. బ్రాంచిలో క్యూ ఉన్నా పాస్‌బుక్, సంతకంతో పనైపోతుంది.

పరిమితి: ఆధార్ వేలిముద్రతో ఒక్కసారికి 10,000 రూపాయలు దాటి రావు.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. "పడలేదు, మళ్లీ వేలు పెట్టు" అని మిత్ర అంటే ముందు రసీదు అడగాలి. మొదటిసారే డబ్బు కట్ అయి ఉండొచ్చు. చదువు రానివాళ్లను ఇలా మోసం చేస్తుంటారు. అప్పుడప్పుడూ పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోవాలి. వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను, అంటే వేలిముద్రను, లాక్ చేసుకోవచ్చు.

పింఛను, కూలి లాంటి చిన్న మొత్తాలకు, నడవలేని పెద్దవాళ్లకు మిత్రే నయం. పంట రుణం, పెద్ద మొత్తం, ఖాతాలో తేడా వస్తే బ్రాంచికే వెళ్లండి, అదీ సంత రోజున వెళ్తే రెండు పనులూ అవుతాయి.