వేరు ఏం వదులుతోందో మట్టిలో కొలవాలా, నీళ్లలో కొలవాలా?

వేరు చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు బయటికి వదులుతుంది. చుట్టూ ఏ బ్యాక్టీరియా ఉందన్నదాన్ని బట్టి వాటి మోతాదూ రకమూ మారతాయి, దీన్ని ఇప్పుడు ఎవరూ కాదనరు. పేచీ అంతా ఆ మార్పుని ఎక్కడ కొలవాలన్న దగ్గరే.

మొక్క బతికేది మట్టిలో కాబట్టి అక్కడే కొలవాలంటారు. వినడానికి బానే ఉంది. కానీ వేరు వదిలిన చక్కెరని బ్యాక్టీరియా గంటల్లో తినేస్తుంది, సేంద్రియ ఆమ్లాలు కొన్ని బంకమట్టి రేణువులకి అతుక్కుపోతాయి, బ్యాక్టీరియా తన సొంత సరుకు కూడా అందులో కలుపుతుంది. చివరికి మన చేతికొచ్చేది వేరు వదిలింది కాదు, తినగా మిగిలింది. ఏదైనా పదార్థం ఎక్కువ కనబడితే వేరు నిజంగానే ఎక్కువ వదిలిందా, తినేవాళ్లు తగ్గారా? తేల్చలేం. పైగా మొక్కని పీకి కడిగేటప్పుడు సన్నవేర్లు తెగి కారిన రసం కూడా లెక్కలో పడిపోతుంది.

సూక్ష్మజీవుల్లేని పోషక ద్రావణంలో ఈ తలనొప్పి ఉండదు. 2004 నాటి ఒక అధ్యయనంలో, కొన్ని సూడోమోనాస్ బ్యాక్టీరియా తయారుచేసే డీఏపీజీ అనే పదార్థాన్ని మాత్రమే లూసర్న్ అనే పశుగ్రాసపు మొక్క వేర్లకి అందిస్తే, 3 గంటల్లోనే వేర్ల బయట అమైనో ఆమ్లాలు బాగా పెరిగాయి. తినేవాళ్లే లేరు, కాబట్టి ఆ మార్పు వేరుదే. కాకపోతే నీళ్లలో పెరిగిన వేరుకి నూగు తక్కువ, గాలి అందే తీరూ మట్టిలోలా ఉండదు. ఒక్క పదార్థంతో వచ్చిన ఫలితాన్ని వేల జాతులున్న మట్టికి అంటగట్టడం మరీ అతి.

నన్నడిగితే మూడో దారే మేలు. ఒకే మొక్క వేర్లని రెండు పాయలు చేసి, ఒక పాయకి బ్యాక్టీరియా పట్టించి, రెండో పాయ నుంచి స్రావాలు సేకరిస్తారు. 2020లో టొమాటో మీద ఇలాగే చేశారు: ఒక పక్క బేసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా పట్టిస్తే, అది తాకని రెండో పక్క నుంచి కూడా ఎసైల్ షుగర్లు (కొవ్వు ఆమ్లాలు అతికిన చక్కెరలు) వచ్చాయి. అంటే కబురు మొక్క లోపలి నుంచే వెళ్లింది. పని మాత్రం నరకం, పాయలు చేసేటప్పుడే కొన్ని మొక్కలు దెబ్బతింటాయి, పైగా బ్యాక్టీరియా తాకిన చోట ఏం జరిగిందో ఇందులో దొరకదు. అది కావాలంటే మళ్లీ మట్టి కుండీలే గతి, కాకపోతే పక్కనే మొక్క లేని కుండీ ఒకటి పోల్చడానికి పెట్టకపోతే ఆ అంకెల్ని నేనైతే నమ్మను.