కపుల్స్ కిట్‌కి మూడు స్టార్లు, అందులో రెండు ఆ కాగితానికే

పెళ్ళయి ఎనిమిదేళ్ళు, ఇద్దరం ముప్పై దాటినోళ్ళం, కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా. ఆన్‌లైన్‌లో 2,499 పెట్టి బిగినర్స్ బాండేజ్ కిట్, అంటే పడగ్గదిలో ఇద్దరూ ఒప్పుకుని కట్టేసుకునే ఆటకి కొత్తోళ్ళ సామాను, తెప్పించా. ప్యాకింగ్ మాత్రం సూపర్, బయట బొమ్మా లేదు పేరూ లేదు, మా అత్తయ్యే డెలివరీ తీసుకుని మిక్సీ జార్ వచ్చిందనుకుని కిచెన్‌లో పెట్టింది.

లోపల వెల్క్రో కఫ్‌లు నాలుగు, కళ్ళగంత, నైలాన్ తాడు, బాల్ గ్యాగ్ (నోట్లో పెట్టి కట్టే బంతి), ఇనుప బేడీలు. కఫ్‌లు మెత్తగా ఉన్నాయి, గట్టిగా లాగితే ఊడొస్తాయి, కొత్తోళ్ళకి కావాల్సింది అదే. బేడీలు దండగ, చెయ్యి కదిపేకొద్దీ ఇంకా బిగుస్తున్నాయి, తాళంచెవి రెండోసారికే వంకరపోయింది. మూత లోపల మాత్రం పెద్దక్షరాలతో సేఫ్, సేన్, కన్సెన్సువల్ (భద్రంగా, బుద్ధి తెలిసి, ఇద్దరి ఒప్పుదలతో) అని సొంత స్లోగన్‌లాగా కొట్టించుకున్నారు. ఆ మాట 1983లో న్యూయార్క్‌లో గే మగవాళ్ళ ఎస్ఎం (ఒప్పుకుని నొప్పి, పెత్తనంతో ఆడే శృంగారం) గ్రూపు నుంచి వచ్చింది బాబూ. తర్వాత వచ్చినవాళ్ళు పూర్తిగా సేఫ్ అనేది ఉండదు, రిస్క్ తెలుసుకుని ఒప్పుకోవాలి అన్నారు, ఈ బేడీలు చూశాక నేనూ వాళ్ళ పార్టీయే.

అసలు సరుకు అడుగున మడతపెట్టిన కాగితం. వరసగా పనుల లిస్టు, పక్కన ఓకే, చూద్దాం, అస్సలొద్దు అని మూడు గళ్ళు, ఇద్దరూ విడివిడిగా నింపి తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మా ఆయన రెండు నిమిషాల్లో అన్నిటికీ ఓకే కొట్టేసి ఇచ్చాడు. అన్నీ ఓకేనా, అసలు చదివావా అని ఒక్కోటి పైకి చదవడం మొదలుపెట్టా, కళ్ళగంత దగ్గరకి రాగానే మనిషి టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు హాస్టల్లో సీనియర్లు చీకటి గదిలో పెట్టి గడియ వేశారంట, కళ్ళు మూస్తే ఇప్పటికీ ఊపిరాడదంట. మరి ఓకే ఎందుకు పెట్టావంటే నీకు ఇష్టమేమో అనుకున్నా అన్నాడు. ఎనిమిదేళ్ళలో నాకీ సంగతి తెలీదు. గంత అటకెక్కింది. నా వైపు నుంచి మెడ మీద చెయ్యి అస్సలొద్దు, అది ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు, మెడ నొక్కడానికి సేఫ్ పద్ధతి అంటూ లేదు.

సేఫ్‌వర్డ్, అంటే ఆట ఆపెయ్యమని చెప్పడానికి ముందే అనుకున్న మాట, దాని గురించి ఆ కాగితంలో ఒక్క లైనే. వద్దు, ఆపు లాంటివి సరదాకి కూడా అనేస్తాం కదా, అందుకే ఆటలో రాని మాట కావాలని "కరెంటు బిల్లు" అనుకున్నాం. ఒకసారి నాకు భుజం పట్టేసింది, కరెం దాకా వచ్చి ఆగిపోయా, నొప్పిలో అంత పొడుగు మాట రాదండీ. అప్పట్నుంచి సిగ్నల్ లైట్లే, గ్రీన్, ఎల్లో, రెడ్. ఎక్కువ పనికొచ్చేది ఎల్లో, ఆపక్కర్లేదు గానీ కాస్త తగ్గించు అని. నిన్న గ్రీన్ అన్నది ఇవాళ రెడ్ కావచ్చు, ఎందుకని అడగకూడదు, ఇది మా ఇంటి రూల్.

నాకు నిజంగా ఒళ్ళు మండింది గ్యాగ్ విషయంలో. నోరు మూసే వస్తువు ఇచ్చి, నోరు లేనప్పుడు ఆపమని ఎలా చెప్పాలో ఎక్కడా రాయలేదు! మేం బండి తాళాల గుత్తి చేతిలో పెట్టుకుంటాం, వదిలేస్తే రెడ్, టైల్స్ మీద పడితే వినపడకపోవడం ఉండదు. తాడు కింద రెండు వేళ్ళు దూరాలి, తిమ్మిరెక్కితే వెంటనే తీసెయ్యాలి, ముడి విప్పుతూ కూర్చోకుండా కోసెయ్యడానికి మొద్దు మొన కత్తెర పక్కనే ఉండాలి, ఇవేవీ లేవు, కత్తెర మేమే మెడికల్ షాపులో కొన్నాం. మందు కొట్టిన రోజు బాక్స్ తియ్యొద్దని కూడా రాయాల్సింది.

ఆ తాడు మరీ జారుడు, ముడి నిలవదు. వెనక్కి పంపుదామంటే పర్సనల్ ఐటమ్స్ రిటర్న్ లేదన్నారు. ప్రస్తుతం బాల్కనీలో కట్టాం, అత్తయ్య చీరలారేస్తోంది, తాడు మంచిదే కొన్నారంది.