జీవం గుట్టు విప్పడానికి సైన్స్ ఒక్కటే చాలా, దేవుడు కూడా కావాలా?

సైన్స్ చాలు అనేవాళ్ల దగ్గర గట్టి ఆధారాలే ఉన్నాయి. 1952లో స్టాన్లీ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, జీవం పుట్టకముందు భూమి మీద ఉండేవనుకున్న పరిస్థితుల్ని అనుకరిస్తూ, గాజు ఫ్లాస్కుల్లో నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ నింపి, మెరుపులకు బదులు కరెంటు స్పార్కులు పంపిస్తే, కొద్ది రోజుల్లోనే నీళ్లు ఎర్రగా మారి అందులో అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లకు ఇటుకల్లాంటి పదార్థాలు, తేలాయి. అదంతా మనిషి చేసిన ఏర్పాటే కదా అంటారా, 1969లో ఆస్ట్రేలియాలోని ముర్చిసన్ దగ్గర పడిన ఉల్కలోనూ అవే రకం పదార్థాలు దొరికాయి, అక్కడ ఏ ల్యాబూ లేదు.

దేవుడి వైపు మొగ్గేవాళ్లు అడిగేది కూడా కొట్టిపారేసేది కాదు. డీఎన్‌ఏ కాపీ కావాలంటే ప్రోటీన్లు కావాలి, ఆ ప్రోటీన్ల తయారీకి డీఎన్‌ఏలోని సమాచారం కావాలి, మరి ముందు ఏది? డీఎన్‌ఏకి దగ్గరి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ, సమాచారం మోయడం, ప్రోటీన్లలా రసాయన చర్యలు నడపడం, ఈ రెండు పనులూ చేయగలదని 1980ల్లో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు చూపించాక ఈ చిక్కు కొంత వీడింది, కానీ ముడి రసాయనాల నుంచి బతికున్న కణాన్ని ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు.

అయితే తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు, రేపు అక్కడ జవాబు దొరికితే ఆయన్ని లేపేయాలా? మనిషి డీఎన్‌ఏ మొత్తాన్ని చదివే మానవ జీనోమ్ ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ భక్తుడే, జీవ పరిణామాన్నీ పూర్తిగా ఒప్పుకుంటాడు. ఆయన దారే నాకు నిజాయితీగా అనిపిస్తుంది. జీవం ఎలా పుట్టిందనే విషయంలో నా ఓటు సైన్స్‌కే, అసలు ఈ ప్రకృతి నియమాలు ఎందుకున్నాయి అనేది మాత్రం ఏ ఫ్లాస్కులోనూ తేలే ప్రశ్న కాదు, అక్కడ నమ్మేవాళ్ల మాట నేను శ్రద్ధగా వింటాను.